కంపైలర్ క్లాసులో ఇద్దరే

కంప్యూటర్ సైన్సు మూడో సంవత్సరంలో ఎలెక్టివ్ సబ్జెక్టు ఎంచుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఆసక్తిని బట్టి ఎంచుకోవడం. ఇది యూనివర్సిటీ బ్రోషర్‌లో ఉంటుంది. రెండోది, ఎందులో మార్కులు సులువుగా రాలతాయో సీనియర్లను అడిగి తెలుసుకోవడం. ఇది మనుషుల్లో ఉంటుంది.

మన కుర్రాడు రెండో పద్ధతిలో వెబ్ డిజైన్ తీసుకుందామనుకున్నాడు. కాకపోతే అతనికి ప్రతి పనీ ఆలస్యంగా చేయడం అలవాటు. స్నేహితులు పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. "లేటూ" అంటే చాలు, కాస్త ఆలస్యంగా పలుకుతాడు. అతను రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్ తెరిచేసరికి వెబ్ డిజైన్ నిండిపోయింది. ఏ సబ్జెక్టూ దొరకనివాళ్ళను ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి తోసేసే దయగల వెబ్‌సైట్ అది. అతన్ని కంపైలర్ డిజైన్‌లోకి తోసేసింది. అక్కడ ఖాళీలకు లోటు లేదు.

మనం రాసిన ప్రోగ్రామును మెషీన్ భాషలోకి మార్చిపెట్టేది కంపైలర్. దాన్ని తయారు చేయడం ఎలాగో చెప్పే కోర్సు అది. చెప్పేది సెమికోలన్ సార్. సమాధాన పత్రంలో ఒక్క సెమికోలన్ మర్చిపోయినా ఆ ప్రశ్నకు సున్నా వేసి, పక్కన "సారీ" అని రాసే సంస్కారవంతుడు.

లేటుకు అప్పటికే ఒక సబ్జెక్టు పోయింది. ఇంకొకటి పోతే ఏడాది పోతుంది. అందుకని జీవితంలో మొదటిసారి సమయానికి, అంటే గడువు ముగిసే రోజున, డ్రాప్ కాగితం పట్టుకుని డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు వెళ్ళాడు.

క్లర్కు కాగితం చూసింది. "కంపైలర్సా? నువ్వు పోతే ఆ కోర్సే ఎత్తేస్తారు బాబూ. కనీసం ఇద్దరుండాలి. ఉన్నదే ఇద్దరు."

"మరీ మంచిది మేడమ్. నా వల్ల కూడా లోకానికి ఒక మేలు జరిగినట్టుంటుంది."

"ఆగండి!"

వెనక్కి తిరిగాడు. బయట వాన. ఆ వానలో అవతలి బ్లాకు నుంచి పరిగెత్తుకొచ్చినట్టుంది, తడిసిన జుట్టు చెంపకు అంటుకుపోయి ఉంది. పక్క సెక్షన్ అమ్మాయి. అందరూ టాపర్ అంటారు. కొందరు గౌరవంతో, ఎక్కువమంది కడుపుమంటతో.

"ఆ కాగితం ఇటివ్వండి," అంది.

"మీరెవరండీ?"

"ఆ కోర్సులో ఉన్న రెండోదాన్ని."

"అంటే... మీరు ఇష్టపడే తీసుకున్నారా?" జ్వరం వచ్చినవాళ్ళను చూసినట్టు చూశాడు. "ఇంట్లోవాళ్ళకి తెలుసా?"

"జోకులు తర్వాత వెయ్యండి. సార్ ఈ ఏడాది రిటైరవుతున్నారు. తర్వాత ఈ కోర్సు చెప్పేవాళ్ళే లేరు. వేసవిలో నాకు రీసెర్చ్ ల్యాబులో సీటు కావాలంటే ఇది చదివుండాలి."

"నాకు డిగ్రీ కావాలంటే ఇది చదవకుండా ఉండాలి."

"నేను నేర్పిస్తాను. మీరు పాసయ్యే పూచీ నాది."

"ఫెయిలైతే?"

"మీరు ఫెయిలవడానికి నేనొప్పుకోను."

బతిమాలుతున్నట్టు లేదు, చలానా రాస్తున్నట్టుంది. అతను కాగితం వైపు చూశాడు. ఆమె చెంప మీది జుట్టు వైపు చూశాడు. ఏ నిర్ణయానికైనా వారం తీసుకునే మనిషి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తేలిందిగా? పక్కకి జరగండి, వెనక లైనుంది," అంది క్లర్కు. వెనక ఎవరూ లేరు.

*

మొదటి క్లాసు పెద్ద హాల్లో జరిగింది. అలవాటు కొద్దీ లేటు చివరి బెంచీలో కూర్చున్నాడు. సెమికోలన్ సార్ వచ్చి, హాలంతా కలయజూసి, హాజరు తీసుకున్నాడు. ఇద్దరికే అయినా పద్ధతి పద్ధతే.

"చివరి బెంచీ మొత్తం వచ్చింది, సంతోషం," అన్నాడు. "అందరూ ముందుకొచ్చి కూర్చోండి."

'అందరూ' లేచి ముందుకొచ్చారు.

ఇద్దరే ఉన్న క్లాసులో ఉన్న గొప్ప ఇబ్బంది, దాక్కోవడానికి ఎవరి వీపూ ఉండదు. సార్ ప్రశ్న వేసినప్పుడల్లా లేటు కిటికీ వైపు చూసేవాడు.

"ఆ కిటికీ ఈ కోర్సు తీసుకోలేదు బాబూ," అనేవాడు సార్. "నువ్వు చెప్పు."

క్లాసయ్యాక ల్యాబులో టాపర్ పాఠం మొదలయ్యేది. పెద్ద ఫ్యాన్ల హోరు, కీబోర్డుల చప్పుడు, మూలన ఎప్పుడూ పనిచేయని ప్రింటరు.

"పార్సర్ అంటే ఏంటి?"

"మీరు రోజూ అడిగే ప్రశ్న."

"'నిన్న వచ్చిన అమ్మాయి తమ్ముడు' అన్నాననుకోండి. నిన్న వచ్చింది అమ్మాయా, తమ్ముడా?"

"అమ్మాయి వస్తే బాగుంటుంది."

"మెషీన్‌కి బాగుండక్కర్లేదు, తెలిస్తే చాలు. ఏ మాట ఏ మాటకి చెందుతుందో తేల్చేదే పార్సర్."

అతనికి అర్థమైంది. అర్థమైనట్టు మొహం పెట్టకూడదని కూడా అర్థమైంది. పెడితే పాఠం అయిపోతుంది.

ఇద్దరూ కలిసి ఒక బుల్లి ప్రోగ్రామింగ్ భాష, దానికొక కంపైలర్ తయారు చేయాలి. అదే ప్రాజెక్టు. ఆమె రాసిన కంపైలర్ ఎక్కడ తప్పు కనిపించినా "సింటాక్స్ ఎర్రర్" అని ఒక నంబరు వేసి ఊరుకునేది.

"ఇదేంటి, కోర్టు నోటీసులాగా?" అన్నాడతను. "మా అమ్మ డ్రైవింగ్ నేర్పిస్తుంది. కారు ఆగిపోతే 'ఎర్రర్ ఏడు' అనదు. 'క్లచ్ ఒక్కసారే వదిలేశావు నాయనా, మెల్లిగా వదులు' అంటుంది. తప్పెక్కడుందో చెప్పాలి, ఎలా దిద్దుకోవాలో చెప్పాలి."

"అయితే మీరే రాయండి."

రాశాడు. మొదటిసారి ఒక పని పెందలాడే మొదలుపెట్టి, ల్యాబు మూసేస్తామని గొలుసు తాళం చూపించేదాకా లేవలేదు. సెమికోలన్ సార్ ఆ మెసేజీలన్నీ చదివి, కళ్ళజోడు తుడుచుకుని, "ఒకచోట స్పెల్లింగు తప్పుంది," అన్నాడు. సార్ నోట అది పూలదండతో సమానమని టాపర్ వివరించాక లేటు ఆ రోజంతా మామూలుగా నడవలేకపోయాడు.

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. వానలు తగ్గలేదు. అతను రోజూ గొడుగు మర్చిపోయేవాడు. రోజూ మర్చిపోవాలంటే క్రమశిక్షణ కావాలి మరి. ఆమె గొడుగు ఒకరికి సరిపోయేది. కుడి భుజం ఆమెది, ఎడమ భుజం అతనిది, బస్‌స్టాపు దాకా శ్రద్ధగా తడిసేవి.

ఇలా ఉండగా మిడ్‌టర్మ్ మార్కులు వచ్చాయి. టాపర్‌కు వచ్చినవి ఎలాగూ తెలిసినవే. లేటుకు సగం పేజీ నిండా "సారీ"లు వచ్చాయి.

అయినా అతను దిగులు పడలేదు. ఆమె తిట్టబోతుందనీ, తిట్టడానికి కనీసం ఒక సాయంత్రం పడుతుందనీ లెక్కేసుకుని, రెండు కాఫీలు పట్టుకుని క్యాంటీన్‌లో ఆమె కూర్చున్న వైపు వెళ్ళాడు. స్తంభం ఇవతలికి వచ్చేసరికి ఆమె రూమ్మేట్ గొంతు వినిపించింది.

"ఏంటే, ఎప్పుడు చూసినా అతనితోనే కనిపిస్తున్నావ్? ఏంటి కథ?"

"కథా లేదు, కాకరకాయా లేదు," అంది టాపర్. "అతను పోతే కోర్సు పోతుంది. అందుకే భరిస్తున్నా."

లేటు అక్కడే నిలబడి రెండు కాఫీలూ తాగాడు. పారబోయడానికి మనసొప్పలేదు.

*

మర్నాడు ఆఫీసులో క్లర్కును అడిగిన మొదటి ప్రశ్న తన గురించి కాదు. "ఇప్పుడు నేను తప్పుకుంటే కోర్సు ఎత్తేస్తారా మేడమ్?"

"సగం దాటాక ఎత్తెయ్యరు. ఒక్కరున్నా నడుస్తుంది. నువ్వు పోవాలంటే మాత్రం సార్ సంతకం తీసుకురా."

బయటికొచ్చి టాపర్‌కు మెసేజి పెట్టాడు: "గుడ్ న్యూస్. నేను లేకపోయినా నీ కోర్సు నడుస్తుంది. ఇన్నాళ్ళూ భరించినందుకు థాంక్స్." పెట్టి, ఫోను ఆపేశాడు.

ఆమె ఆ మెసేజిలో ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. 'భరించినందుకు'. క్యాంటీన్, స్తంభం, తన నోటి దురుసు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. ఏ మాట ఏ మాటకు చెందుతుందో తేల్చడంలో ఆమెకు సాటి లేదు.

ఆ రోజు పెద్ద హాల్లో ఆమె ఒక్కతే. సార్ ప్రశ్న వేశాడు. ఆమెకు జవాబు తెలుసు. కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

సార్ చాక్‌పీసు కింద పెట్టాడు. "ఆ అబ్బాయి సంతకానికొచ్చాడు. పెన్నులో ఇంకు లేదన్నాను."

"సార్?"

"సోమవారం దాకా ఉండదు. ఇంకేమీ చెయ్యలేను, నాకు కంపైలర్స్ మాత్రమే వచ్చు."

*

లేటు అమ్మగారి డ్రైవింగ్ స్కూలంటే ఇంటి ముందు ఒక బోర్డు, బోర్డు కింద ఒక పాత కారు. అందులో నేర్పేవాళ్ళ వైపు కూడా బ్రేకుంటుంది. శనివారం పొద్దున టాపర్ గేటు తీసేసరికి ఆవిడ తాళాలు ఊపుకుంటూ ఎదురొచ్చింది.

"వచ్చావా అమ్మాయ్? ఫోన్లో అంత తొందరపడి, ఇదా రావడం? ఎక్కు, ఎక్కు."

"ఆంటీ, నేను..."

"భయమా? మొదటిరోజు అందరికీ ఉంటుంది. సీటు ముందుకి లాక్కో. రేయ్! రా, వెనక కూర్చో, మైదానంలో కోన్లు పెట్టాలి!"

లేటు నిద్రమొహంతో వచ్చి వెనక సీట్లో కూలబడ్డాడు. కారు రెండు గెంతులు వేసి వీధిలోకొచ్చింది.

"అద్దం చూసుకోమ్మా," అంది అమ్మ.

ఆమె అద్దంలోకి చూసింది. అద్దంలో లేటు కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి.

"నువ్వా! ఇక్కడేం చేస్తున్నావ్?"

"కనిపించట్లా? డ్రైవింగ్," అంది ఆమె. స్టీరింగును కొమ్మ పట్టుకున్నట్టు పట్టుకుంది. "నిన్న ఎన్నిసార్లు చేశానో తెలుసా? ఫోనెందుకాపేశావ్?"

"నన్ను భరించే శ్రమ తగ్గిద్దామని."

"అది రూమ్మేట్ నోరు మూయించడానికన్నాను! లేకపోతే హాస్టలంతా మైకు పెట్టి చెప్తుంది."

"ఏమని?"

జవాబుగా కారు వేగం పెంచింది.

"అమ్మాయ్, ఎడమకి! రోడ్డు అటుంది!" అంది అమ్మ.

"ఏమని చెప్తుంది?" లేటు ముందుకి వంగాడు.

"క్యాంటీన్‌లో అన్నదానికి నేనే సారీ చెప్పాలి. కోర్సు కోసమే నిన్ను ఆపాను, నిజం. మరి ఇప్పుడు నువ్వు లేకపోయినా కోర్సు నడుస్తుంది, నా ల్యాబు సీటుకీ ఢోకా లేదు. నాకు నీ అవసరం ఏమీ లేదు. అయినా నువ్వు రావాలి. నిన్న ఆ హాల్లో ఒక్కదాన్నే కూర్చోలేకపోయాను. ఇంతకంటే విడమరిచి చెప్పడం నాకు రాదు."

అమ్మ తన వైపు బ్రేకు నొక్కింది. కారు రోడ్డు పక్కన కుదుపుతో ఆగింది.

"ముందు ఇది తేలనివ్వండి," అంది. "లేకపోతే ముగ్గురం ఆస్పత్రిలో తేల్చుకోవాలి. రేయ్, ఆ పిల్ల అంత చెప్పింది. నీ సమాధానం కూడా ఆలస్యమేనా?"

లేటు గొంతు సవరించుకున్నాడు. "రెండోవారంలో వెబ్ డిజైన్‌లో ఒక సీటు ఖాళీ అయింది. క్లర్కు ఫోన్ చేసి మారతావా అంది."

"మరి?" ఆమె వెనక్కి తిరిగింది.

"వద్దన్నాను."

"పిచ్చా నీకు? ఏడాది పోతుందని తెలిసి కూడానా?"

"తెలుసు. ఆ పాఠాలు అర్థం కాకపోయినా, చెప్పేదానివి నువ్వు అర్థమవుతావేమోనని కూర్చున్నా."

"అయ్యానా?"

"లేదు. ఇంకో సెమిస్టర్ పట్టేలా ఉంది."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. వాన పడుతోందని చెప్పుకుందామంటే ఆ రోజు ఖర్మకొద్దీ ఎండ కాస్తోంది. అతను జేబురుమాలు తీసి ముందుకి చాచాడు. అది అమ్మ తీసుకుని, చూసి, "ఛీ, ఉతికి ఎన్నాళ్ళయింది?" అని తన పైటకొంగు అందించింది.

"సోమవారం నుంచి రోజూ రెండు గంటలు కూర్చోవాలి," అంది టాపర్ ముక్కు చీదుకుంటూ. "ఈసారి పూచీలు లేవు. నువ్వే పాసవ్వాలి."

"అవుతాను. తిడతావా?"

"సందేహమా?"

అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కొడుకు పొద్దున్నే ఇంత మేలుకుని ఉండటం ఆవిడ ఎప్పుడూ ఎరగదు.

"ఇంతకీ ఫోన్ చేసిన అమ్మాయివి నువ్వు కాదన్నమాట," అంది.

"కాదాంటీ. చెప్దామనుకున్నాను, మీరు..."

"నేను చెప్పనివ్వలేదు, తెలుసు. క్లచ్ తొక్కు. మొదటి గేరు. ఆఁ, అలా. మెల్లిగా వదులు. రేపు కూడా వస్తావా?"

కారు ఈసారి గెంతకుండా కదిలింది.

"దేనికాంటీ? డ్రైవింగ్‌కా?"

"దేనికైనా రా అమ్మా," అంది ఆవిడ. తన బ్రేకు మీది నుంచి కాలు తీసేసింది.