అచ్చు ఒక్కటే చాలదు

కొత్తగా చేరిన కుర్రాడు మొదటి రోజే ఆమె మైక్రోస్కోపు ముందు తిష్ట వేశాడు. లేవమంటే ఒక్క నిమిషం అన్నాడు. ఆ నిమిషం అరగంట సాగింది. అంతవరకూ ఆ లాబ్‌లో తన మాటకు ఎదురులేని ఆమెకు ఒళ్లు మండింది. పోనీ అతని నవ్వు బాగాలేదని తిట్టుకుందామా అంటే, అదీ కుదరలేదు.

అతనికి పాత లాబ్ అలవాట్లు పోలేదు. అక్కడి వైరస్ ఆర్‌ఎన్‌ఏను కణంలో ఊరికే వేస్తే చాలు, కణమే దాన్ని నేరుగా చదివేసి ప్రొటీన్లు తయారుచేస్తుంది. ఇక్కడి వైరస్ దారి వేరు. దీని ఆర్‌ఎన్‌ఏ పోగు రబ్బరు స్టాంపు మీది అక్షరాల్లా తిరగేసి ఉంటుంది. ఆ అచ్చు నుంచి చదవడానికి వీలైన ప్రతి తీయాలంటే వైరస్ తన ఎంజైమును వెంట తెచ్చుకోవాల్సిందే. కణం దగ్గర అలాంటిది లేదు.

అతను ఒట్టి ఆర్‌ఎన్‌ఏ వేస్తుంటే ఆమె చూసింది, చెప్పబోయింది.

"నాకు తెలుసండీ. మీరు మీ పని చూసుకోండి," అన్నాడతను.

సరే, నీ ఖర్మ అనుకుని ఆమె నోరు మూసుకుంది.

గుర్తుగా ఆ ఆర్‌ఎన్‌ఏలో మెరిసే ప్రొటీను సంకేతం చేర్చారు కాబట్టి, ప్రతులు తయారైతే కణాలు ఆకుపచ్చగా వెలగాలి. వెలగలేదు. రెండోసారీ అంతే. మూడోసారీ ఫలితం రాకపోతే పాత లాబ్‌కే పంపేస్తానని ప్రొఫెసర్ గారు తేల్చి చెప్పారు. అతను ఆశ వదులుకుని బల్ల సర్దుకోసాగాడు. ఖాళీ అవుతున్న ఆ బల్ల దగ్గరికి ఆమె వెళ్లింది. ఈ మనిషి వెళ్లిపోతే తనకిక్కడ పొద్దుపోదని అప్పుడు తెలిసింది.

"మీ కణాలు ఎందుకు వెలగట్లేదో నాకు మొదటి నుంచీ తెలుసు," అంది.

అతను చేతిలోని డబ్బా కింద పెట్టాడు. "మరి చెప్పలేదేం?"

"చెప్పబోతే వద్దన్నారుగా. అయినా చెప్పాల్సింది. కోపం కొద్దీ ఊరుకున్నాను. తప్పు నాదే."

కోప్పడతాడనుకుంది. అతను తల గోక్కుని, "సగం నాది," అన్నాడు.

ఈసారి ఎంజైమునూ, దానికి తోడుండే ప్రొటీన్లనూ కలిపి ఇద్దరూ మళ్లీ వేశారు. ఫలితం చూసే రోజు పొద్దుటి నుంచీ సన్నగా వాన. ముందు అతను చూసి పక్కకు జరిగాడు. ఆమె వంగి చూసింది. చీకట్లో ఒక కణం ఆకుపచ్చగా వెలుగుతోంది. దాని పక్కన ఇంకొకటి, ఆ పైన లెక్కే లేదు. ప్రొఫెసర్ గారు వచ్చి చూసి, పాత లాబ్ ఊసెత్తకుండా, త్వరగా తర్వాతి పని మొదలుపెట్టమని చెప్పి వెళ్లారు.

ఆమెకు ఊపిరి ఆడింది. అతను మాత్రం కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నిన్న మా అమ్మకు మీ గురించి చెప్పాను," అన్నాడు మెల్లగా. "అంతా విని, ఆ అమ్మాయి నిన్ను ఉండమందా అని ఒక్కటే అడిగింది."

"మీరేమన్నారు?"

"ఇంకా అనలేదన్నాను."

బయట వాన కాస్త పెరిగింది. ఆమె బల్ల మీదున్న అతని ఫోను తీసి చేతికిచ్చింది.

"ఇప్పుడు చెప్పండి," అంది. "ఉండమందని."