బ్రౌనీ ఉపవాసం

బాపట్లలో వరప్రసాదం మాస్టారి భార్య దేవకుమారికి గోరంతను కొండంత చేయడం వెన్నతో పెట్టిన విద్య. అందులో కల్మషమేమీ లేదు. నలుగురూ తన ఇంటి గురించి ఓ మంచిమాట అనుకోవాలన్న ముచ్చట, అంతే. ఆ ముచ్చటే చివరికి ఆమెను కాల్చుకు తింది.

ఎనభై ఏడులో, ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాల్లో, వాళ్ళ పెంపుడు కుక్క బ్రౌనీ అన్నం మానేసింది. గిన్నె దాకా వచ్చేది, వాసన చూసేది, వెనక్కి తిరిగిపోయేది. తర్వాత వరండాలో ముందుకాళ్ళు మోచేతుల దాకా నేలకు ఆనించి, తల వాల్చి, నడుము పైకెత్తి అలాగే ఉండిపోయేది. ఆ రోజుల్లో చర్చి సంఘంవాళ్ళు రోజుకొకరింట్లో కాటేజీ మీటింగు పెట్టుకుంటారు. సాయంత్రం ప్రార్థన, ఆపైన టీ. దేవకుమారి వంతు వచ్చిన రోజు, "మా బ్రౌనీ కూడా ఉపవాసమేనండి. ఎలా మోకరించిందో చూడండి" అంది నవ్వుతూ.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. తెనాలి నుంచి పిన్నిగారొచ్చి చూసింది. రేపల్లె నుంచి ఆడపడుచు పిల్లల్ని వెంటేసుకొచ్చింది. పక్కింటి పున్నమ్మగారైతే రోజూ వచ్చి దాని తల నిమిరి, "మంచి బిడ్డ, ఎంత పట్టుదలో" అని మురిసిపోయేది. బ్రౌనీ ఒక్కసారి కూడా మూలగలేదు. ఎవరొచ్చినా తోక ఆడించేది. ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టలాదివారం మర్నాడు చచ్చిపోయింది.

పాతిపెట్టడానికి సాయమొచ్చిన పశువుల ఆసుపత్రి కాంపౌండరు ఏసుబాబు అంతా విని పార పక్కన పెట్టాడు.

"అది ప్రార్థన కాదక్కా. కడుపులో ఓర్చుకోలేని నొప్పొస్తే కుక్క అలా వంగుద్ది. నోరులేని జీవాలు నొప్పి దాచుకుంటాయండి. తిండి మానడం, మూలకెళ్ళి పడుకోవడం, అలా వంగడం... మనమే కనిపెట్టుకోవాల."

"ఈ మాట ఎవరితోనూ అనకు తమ్ముడూ" అంది దేవకుమారి.

అతను అనలేదు. ఆ ఏడే రేపల్లెకు బదిలీ అయిపోయాడు కూడా. ఆమె తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

మళ్ళీ శ్రమదినాలొచ్చాయి. మూడో వారంలో దేవకుమారి చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళడం మానేసింది. అన్నం వాసన తగిలితే చాలు, కడుపులో ఏదో మెలితిరిగేది. "ఈసారి మా ఆవిడ గట్టి ఉపవాసం పట్టింది" అని మాస్టారు స్కూల్లో గొప్పగా చెప్పుకున్నారు. నొప్పండీ అని చెప్పబోతే, ఎదురుగా పున్నమ్మగారు కళ్ళనిండా మెచ్చుకోలుతో నిలబడి ఉంది. తన నొప్పి సంగతి చెబితే బ్రౌనీ నొప్పి సంగతి కూడా బయటికొస్తుందని దేవకుమారికి భయం. ఆ మాట మింగేసింది.

బుధవారం ప్రార్థన వాళ్ళింట్లోనే. ముందుగదిలో చాపల మీద పాతికమంది. పాట సగంలో ఉండగా కరెంటు పోయింది. ఎవరో లాంతరు వెలిగించారు గానీ, బుడ్డికి మసిపట్టి ఆ వెలుతురులో పక్కమనిషి ఆకారం తప్ప ముఖం కనబడలేదు. చెమట, కొబ్బరినూనె, కిరసనాయిలు కలిసిన వాసన గదంతా ముసురుకుంది. "మోకరిద్దాం" అన్నారు పాస్టరు అయ్యగారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

అప్పుడు ఇంకో వాసన వచ్చింది. వానలో తడిసిన బొచ్చు వాసన. మార్చి నెల, బయట చుక్క వాన లేదు.

వరండా గచ్చు మీద గోళ్ళ చప్పుడు. టక్... టక్... టక్. గుమ్మం దాటింది. చాపల మీదకొచ్చాక చప్పుడు ఆగింది. మనుషుల మధ్య నుంచి ఏదో వస్తోంది... ఎవరూ కదలడం లేదు... ఎవరూ పక్కకు జరగడం లేదు...

ఆమె దగ్గరకొచ్చి నిలబడింది.

నొప్పి ఒక్కసారిగా కడుపును పట్టి పిండేసింది. దేవకుమారి మోచేతులు నేలకు ఆనాయి. నుదురు చాపకు తగిలింది. నడుము దానంతటదే పైకి లేచింది. అలా ఉంటేనే ఊపిరి ఆడుతోంది. తాను ఎలా వంగి ఉందో అప్పుడు తెలిసొచ్చింది.

నొప్పి... అనబోయింది. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు.

వెచ్చటి ఒళ్ళొకటి ఆమె డొక్కకు ఆనుకుని పడుకుంది. కరవలేదు. గుర్రుమనలేదు. కరిచినా బాగుండేదనిపించింది ఆమెకు.

"చూడండి..." పున్నమ్మగారి గుసగుస. "ఎలా మోకరించిందో."

చేతులొచ్చి తల మీద పడ్డాయి. ఒకటి, రెండు, పది. మెల్లగా నిమిరాయి. "మంచి బిడ్డ" అంది పున్నమ్మగారు. పైన చేతులు, పక్కన ఆ ఒళ్ళు, చుట్టూ మోకాళ్ళ గోడ. ఒక్కరు, ఒకే ఒక్కరు తన ముఖం ఎత్తి చూస్తే చాలనుకుంది దేవకుమారి. ఎవరూ చూడలేదు. ఆమె ప్రార్థనకు భంగం కలగకూడదని అందరూ టీ కూడా తాగకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళిపోయారు. మాస్టారు లాంతరు తగ్గించి వరండాలో పడుకున్నారు.

తెల్లారి చూస్తే ఆమె ఒళ్ళు కాలిపోతోంది. హడావుడిగా గుంటూరు తీసుకెళ్ళారు. పొట్ట కోసి చూసిన డాక్టరు లోపల ఏ జబ్బూ కనబడలేదన్నాడు.

శుక్రవారం సాయంత్రం ఆమెకు తెలివొచ్చింది. ముక్కులో గొట్టం. నోట మాట రావడం లేదు. ఆ నొప్పి మాత్రం చేత్తో తీసేసినట్టు పోయింది. మాస్టారు స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చున్నారు.

"నీకోసం అందరూ ప్రార్థిస్తున్నారు కుమారీ. పున్నమ్మగారైతే నిన్న పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదట. అచ్చం నీలాగే వంగి, లేపినా లేవడం లేదట. ఇవాళ మీటింగు వాళ్ళింట్లోనే. ఆవిణ్ణి చూడ్డానికి పొన్నూరు నుంచి కూడా వస్తున్నారు."

దేవకుమారి తల అడ్డంగా ఊపింది.

"ఒకటే విచిత్రం" అన్నారు మాస్టారు. "రాత్రంతా ఆవిడ పక్కన ఎవరూ పడుకోలేదు. పొద్దున్నే కోడలు చెయ్యి వేసి చూస్తే, పక్కన చాప వెచ్చగా ఉందట."

దేవకుమారి ఆయన చొక్కా దొరకబుచ్చుకుంది. ఉన్న బలమంతా పెట్టి లాగింది.

"ప్రార్థన చేద్దామా?" అన్నారాయన. ఆమె చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, తల వంచి, కళ్ళు మూసుకున్నారు.