బుధవారం: ఏమీ లేదు

"మానిటర్లు మళ్ళీ పోయాయండీ" అన్నాడు అతను, తప్పంతా తనదే అయినట్టు.

"ఎంతసేపు?"

"రెండు సెకన్లు. పోయి, వచ్చాయి. నేను గీస్తున్న మెట్లు మాత్రం ఎడమ మానిటర్లోంచి కుడి మానిటర్లోకి వెళ్ళి కూర్చున్నాయి."

ఆమె నవ్వు ఆపుకుంది. తెచ్చుకున్న చిన్న చెక్క స్టూలు కింద పెట్టి, దాని మీద కూర్చుని, బల్ల కిందికి తల దూర్చింది.

"కుర్చీలో కూర్చోండి, నేను నిలబడతాను" అన్నాడతను ఎప్పటిలాగే.

"స్టూలుందండీ" అంది ఎప్పటిలాగే.

భవనాలకి ప్లాన్లు గీసే ఆఫీసు అది. గీసేవాళ్ళలో ఒకడు అతను. పొడుగ్గా, నిటారుగా ఉంటాడని అందరూ అతన్ని స్కేలు అంటారు. అసలు పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఎక్కడా కనపడదు. కంప్యూటర్లు మొరాయిస్తే చూసే సపోర్టు మనిషి ఆమె. ఎక్కడికెళ్ళినా తన స్టూలు తనే మోసుకెళ్తుంది కాబట్టి స్టూలు మేడమ్ అయిపోయింది. ఆ అలవాటు నాన్న నేర్పాడు. ఆయన రేడియోలు బాగుచేసే మనిషి. "పని మీద వెళ్ళినచోట ఎదుటివాళ్ళ కుర్చీలో కూర్చోకు. కూర్చున్నావా, కబుర్లు మొదలవుతాయి, పని మూలపడుతుంది" అనేవాడు. ఆమె దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తోంది.

ఇక్కడ మొరాయిస్తున్నది డాకింగ్ స్టేషన్. అరచెయ్యంత నల్ల పెట్టె. ల్యాప్‌టాప్‌కి దాని వైరు ఒక్కటి తగిలిస్తే చాలు, రెండు మానిటర్లు, కీబోర్డు, మౌసు, నెట్టు అన్నీ పనిచేస్తాయి. చెయ్యాలి మరి. మూడు వారాలుగా అది రోజూ కాసేపు అలుగుతోంది. ఆమె డ్రైవర్లు మార్చింది. పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించింది. ఛార్జర్ మార్చింది, పోర్టు మార్చింది, స్టోర్లో ఉన్న డబ్బాలోంచి కొత్త కేబుళ్ళు తెచ్చి వేసింది, చివరికి పెట్టెనే మార్చేసింది. అబ్బే! ఆమె ఎదురుగా ఉన్నంతసేపూ బుద్ధిగా పనిచేస్తుంది. ఆమె వెళ్ళి, సరైపోయిందని రాసి ఆ ఫిర్యాదు టికెట్ మూసేస్తుంది. మర్నాడు అదే టికెట్ మళ్ళీ తెరుచుకుంటుంది.

ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కావస్తోంది. వచ్చే సోమవారం పర్మనెంట్ చేసే కాగితం మీద హెడ్డు గారు సంతకం పెట్టాలి. ఇవాళ సోమవారం; పొద్దున రాగానే ఆయన పిలిచి చెప్పారు.

"అన్నీ బాగున్నాయమ్మా. ఈ ఒక్క టికెట్టే మళ్ళీ మళ్ళీ తెరుచుకుంటోంది. ఇది తేలకుండా నేను సంతకమెలా పెట్టను?"

అందుకే ఆమె బల్ల కిందనుంచి బయటికొచ్చి, దుమ్ము దులుపుకుని అంది: "ఒక పని చెయ్యండి. ఎప్పుడు పోతే అప్పుడు టైము రాసిపెట్టండి. నిమిషం కూడా తేడా రాకూడదు."

"తప్పకుండా" అన్నాడు స్కేలు. ఆ పని దొరికినందుకు మహా సంతోషపడిపోతున్నట్టు అనిపించింది ఆమెకి.

*

గురువారం మధ్యాహ్నం, అతను టైములు రాసిన పుస్తకం ఆమె చేతికొచ్చింది. గీతలు కొట్టి, గళ్ళు పెట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. సోమవారం పదీ ముప్పై రెండు, ఒంటిగంటా రెండు, మూడూ ముప్పై ఒకటి. మంగళవారం కూడా ఇంచుమించు అవే. బుధవారం గడిలో మాత్రం "ఏమీ లేదు" అని ఉంది. గురువారం మళ్ళీ మొదలు.

ఆ టైములు ఎక్కడో చూసినట్టుందే అనుకుంది. సర్వర్ రూములోకి వెళ్ళి గోడకి వేలాడుతున్న రిజిస్టర్ తీసింది. రోజుకి మూడుసార్లు ఆ గదిలో చలి ఎంత ఉందో చూసి, టైము వేసి సంతకం పెట్టడం ఆమె పని. సోమవారం పదీ ముప్పై మూడు. ఒంటిగంటా మూడు. మూడూ ముప్పై రెండు.

బుధవారం ఆమె సెలవు. నాన్నకి కళ్ళద్దాలు మార్పించడానికి వెళ్ళింది.

సర్వర్ రూముకి దారి అతని సీటు పక్కనుంచే. అంటే ఆమె అటు నడిచిన ప్రతిసారీ మానిటర్లు పోతున్నాయి. నడవని రోజు పోలేదు. ఆమెకి ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ పక్క సీట్లవాళ్ళు "స్కేలు గారి టికెట్ ఎప్పటికీ మూతపడదులెండి" అని ముసిముసిగా నవ్వుతుంటే పట్టించుకోలేదు. ఇదన్నమాట సంగతి!

రిజిస్టర్, పుస్తకం రెండూ తెచ్చి అతని బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"ఇందులో రాసినవన్నీ నిజమేనా?"

"కొలతలు తప్పు రాసే అలవాటు లేదండీ."

"అయితే చూడండి. నేను ఇటు వచ్చినప్పుడల్లా మీ మానిటర్లు పోతున్నాయి. బుధవారం నేను సెలవు. మీ డాకింగ్ స్టేషన్ కూడా సెలవు తీసుకుంది."

అతను రెండు పుస్తకాలూ మార్చి మార్చి చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నేను కావాలని వైరు లాగుతున్నానంటారా?"

"నేనేమీ అనట్లేదు. మీ పుస్తకమే అంటోంది. మీకిది సరదాగా ఉందేమో. నాకు ఉద్యోగమండీ ఇది!"

గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. చుట్టుపక్కల కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

"లాగలేదండీ" అన్నాడతను. అంతే.

వాదించి ఉంటే బాగుండేది. ఆమె నాలుగు దులిపి హాయిగా వెళ్ళిపోయేది. వాదించలేదు కాబట్టి సాయంత్రం దాకా ఆ ఎర్రబడ్డ చెవులే గుర్తొస్తూ ఉన్నాయి.

అయిదు గంటలకి హెడ్డు గారు పిలిచారు. ముఖం విప్పారి ఉంది.

"నీ సమస్య తీరిపోయిందమ్మా. స్కేలు సోమవారం నుంచి పక్క బిల్డింగ్‌లో సీటు అడిగాడు. 'నా సీటు మారిస్తే ఆ టికెట్ మూసెయ్యొచ్చు కదా సార్, ఆవిడ కాగితం ఆగకుండా ఉంటుంది' అన్నాడు. మంచివాడు పాపం."

కాగితం ఆగదు. ఎగిరి గంతెయ్యాలి నిజానికి. ఆమె "సరే సార్" అని బయటికొచ్చి, మెట్ల దగ్గర కాసేపు ఊరికే నిలబడిపోయింది.

*

ఇంట్లో నాన్న కొత్త కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని, విప్పిన రేడియో ముందు కూర్చున్నాడు.

"ఇవాళ ఎన్ని బాగుచేశావు అమ్మలూ?" రోజూ అడిగే ప్రశ్నే.

"ఒకటి పాడుచేశాను నాన్నా."

జరిగిందంతా చెప్పింది. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి విన్నాడు.

"అతను వైరు లాగుతుంటే చూశావా?"

"లేదు."

"మరి చూడనిదాన్ని చూసినట్టు ఎలా అన్నావే?"

ఆమె బల్ల మీది స్క్రూలు ఒకచోట పోగుచేసింది.

"నేనూ ఒకసారి ఇలాగే చేశాలే" అన్నాడు ఆయన. "ఒకావిడ రేడియో సాయంత్రం ఆరయ్యేసరికి గరగరలాడేది. మూడుసార్లు విప్పి చూశా. లోపల వీసమెత్తు లోపం లేదు. మీరే ఏదో తిప్పేస్తున్నారని ఆవిడ మీద ఎగిరాను. నాలుగోసారి విప్పకుండా ఊరికే కూర్చున్నా. సరిగ్గా ఆరింటికి పక్కింటాయన మిక్సీ వేశాడు."

"అంటే?"

"అంటే పెట్టె విప్పడం మానేసి చుట్టూ చూడమని. నువ్వు అటు వెళ్ళినప్పుడు అక్కడ ఏం కదులుతోంది?"

"నేను కదులుతాను."

"నీతోపాటు ఇంకేం కదులుతోందో చూడు" అని ఆయన మళ్ళీ రేడియో మీదికి వంగాడు.

*

శుక్రవారం పొద్దున్నే వాన. అద్దాల మీద నీళ్ళు జారుతూ ఉంటే ఆఫీసులో సగం సీట్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. అతను మాత్రం వచ్చేశాడు. చుట్టచుట్టిన ప్లాన్లు ఒక అట్టపెట్టెలో సర్దుకుంటున్నాడు.

ఆమె స్టూలు కింద పెట్టింది. కూర్చోలేదు.

"సారీ అండీ. చూడనిది చూసినట్టు అన్నాను. అదీ పదిమందిలో."

"పర్లేదండీ."

"పర్లేదనకండి. కోపముంటే తిట్టండి."

"తిట్టడం రాదండీ" అన్నాడు నిజంగానే ఇబ్బందిపడుతూ.

"అయితే ఇంకోటి చెప్పండి. నేను ఈ దారిన వెళ్ళినప్పుడు మీరేం చేస్తారు?"

అతని చేతిలో ప్లాను ఆగిపోయింది. "ఏం చెయ్యను."

"కొలతలు తప్పు చెప్పే అలవాటు లేదన్నారు."

అతను కిటికీ వైపు చూశాడు. వాన అతనికేమీ సాయం చెయ్యలేదు.

"లేస్తాను" అన్నాడు.

"ఎందుకు?"

"మీతో ఒక మాట చెప్దామని. నేను లేవగానే మానిటర్లు పోతాయి. అటు తిరిగి చూసుకునేసరికి మీరు తలుపు దాటేస్తారు. మూడు వారాలుగా ఇదే వరస."

ఆ మాటేమిటో వెంటనే అడగాలనిపించింది ఆమెకి. కానీ ఆమె ముందు సపోర్టు మనిషి, తర్వాతే మిగతావన్నీ.

"కూర్చోండి. ఇప్పుడు లేవండి."

కూర్చున్నాడు, లేచాడు. మానిటర్లు నిక్షేపంగా వెలుగుతున్నాయి.

"ఎప్పుడూ ఇంత నిదానంగానే లేస్తారా?"

"భోజనానికైతే ఇలాగేనండీ. అన్నీ ఆర్పేసి, నిదానంగా. మీరు కనపడితే..." అతను తల గోక్కున్నాడు. "కొంచెం గబుక్కున."

"జరగండి" అంది ఆమె.

అని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పని మీద వెళ్ళినచోట ఎదుటివాళ్ళ కుర్చీలో కూర్చుంది. కుర్చీ మెత్తగా కిందికి దిగింది. ఆమె ఊపిరి బిగబట్టి, ఒక్క ఉదుటున లేచింది.

రెండు మానిటర్లూ ఆరిపోయాయి.

"దొరికింది!" అని ఆమె చప్పట్లు కొట్టేసింది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. మళ్ళీ పోయాయి. ఆరుసార్లలో అయిదుసార్లు పోయాయి. అతను నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు.

"ఈ కుర్చీ కింద, ఎత్తు పెంచడానికీ దించడానికీ గ్యాస్ గొట్టం ఉంది చూశారా? గబుక్కున లేస్తే అక్కడ ఒక చిటికెడు కరెంటు చురుక్కుమంటుంది. మన డబ్బాలో కేబుళ్ళన్నీ పల్చని తొడుగువి. ఆ చురుకు వాటికి తగిలేసరికి, మానిటర్లు ఊడిపోయాయనుకుంటుంది ఈ పిచ్చి పెట్టె. ఎప్పుడో ఎక్కడో చదివి, జోకనుకున్నాను. మీరు పిలిచి నేనొచ్చేసరికి మీరెప్పుడూ నిలబడే ఉంటారు. ఇక నేనేమో స్టూలు మీద!"

"మొదటిరోజే కుర్చీలో కూర్చోమన్నాను" అన్నాడతను మెల్లగా.

ఆమె నాలుక కరుచుకుంది.

స్టోర్లో వెతికి వెతికి మందపాటి తొడుగున్న కేబుళ్ళు రెండు పట్టుకొచ్చింది. బిగించింది. పదిసార్లు ఎగిరి ఎగిరి లేచింది. మానిటర్లు రెప్ప కూడా వెయ్యలేదు.

"ఇక పోవు" అంది. "మీరు కూర్చోండి. నేను తలుపు దగ్గర్నుంచి వస్తాను. ఆ మాటేదో చెప్పండి."

"ఇప్పుడా?"

"టెస్టింగండీ. పూర్తిగా చెయ్యకపోతే టికెట్ మూయను."

తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి నడిచొచ్చింది. అతను గబుక్కున లేచాడు. అలవాటుకొద్దీ మానిటర్ల వైపు చూశాడు. అవి ఆరలేదు. దాక్కోవడానికి చోటే లేకుండా పోయింది పాపం.

"బుధవారం మీరు రాలేదు" అన్నాడు. "ఆ రోజు అన్నీ బాగా పనిచేశాయి. మెట్లు కూడా ఎక్కడికీ పోలేదు. నాకే... నాకేమీ బాగాలేదండీ. మీరంటే నాకు చాలా ఇష్టం. అది చెప్దామనే రోజూ లేస్తున్నాను."

వాన కొంచెం పెద్దదైంది. ఆమె వెళ్ళి అతని కుర్చీలో కూర్చుంది. అతనికి తన స్టూలు చూపించింది. అతను దాని మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"ఇన్నాళ్ళూ ఈ కుర్చీలో ఎందుకు కూర్చోలేదో తెలుసా?" అంది. "కూర్చుంటే కబుర్లు మొదలవుతాయని నాన్న చెప్పాడు. మీతో మొదలైతే ఆగవని నాక్కూడా భయంగానే ఉండేది." మళ్ళీ తనే అంది: "సీటు మార్పు కాగితం వెనక్కి తీసుకోండి. ఇవాళే."

*

సోమవారం హెడ్డు గారు టికెట్ చదివారు. కారణం: కుర్చీలోంచి గబుక్కున లేవడం. పరిష్కారం: కేబుళ్ళు మార్చడమైనది.

"ఇది సరేనమ్మా. అసలు అతనంత గబుక్కున ఎందుకు లేస్తున్నాడు?"

"అది హార్డ్‌వేర్ సమస్య కాదు సార్" అంది.

ఆయన కళ్ళజోడు మీదుగా ఆమెని ఒకసారి చూశారు. ఇంకేమీ అడగకుండా ఆమె కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం స్కేలు ఆమె ఇంటికొచ్చాడు. చొక్కా కొత్తది, ముఖం నిండా కంగారు. గుమ్మం పక్కనున్న చెక్క స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. లోపలినుంచి ఆమె రాగానే దిగ్గున లేచాడు.

నాన్న చేతిలో రేడియో పక్కన పెట్టి, అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు.

"కుర్చీలోంచి లేచేది నువ్వేనా బాబూ?"

"నేనేనండీ."

"ఆ స్టూలు పని మీద వచ్చినవాళ్ళకి." ఆయన తన కుర్చీ పక్కనున్న రెండో కుర్చీ మీది వైర్లన్నీ తీసేసి, చేత్తో దుమ్ము దులిపాడు. "నువ్వు మా మనిషివి కాబోతున్నావు కదా. ఇటు వచ్చి ఇందులో కూర్చో."

అతను వచ్చి కూర్చున్నాడు. ఆమె టీ గ్లాసులు తెచ్చింది. మళ్ళీ లేవబోయాడు.

"కూర్చో, ఇక నేనెక్కడికీ వెళ్ళట్లేదు" అంది.