ఒళ్ళు దాచుకున్న మనిషి

ఉప్పాడ తీరంలో తెల్లవారగానే జనం వెతుక్కునేది టీ గ్లాసు కాదు, మేలుకొలుపు పట్టీ. తొడకు అంటించుకుంటే చాలు, నిన్న సముద్రపు గోడ మీద రాళ్ళు మోసి చిట్లిన కండ పనికెక్కే వేళకు మళ్ళీ కొత్తదై కూర్చుంటుంది. ఒళ్ళునొప్పులంటే ఏమిటో పిల్లలకు వివరించి చెప్పాల్సి వస్తోంది. ఆదివారమంటే శనివారం తర్వాత వచ్చే మరో పనిరోజు. ఉప్పుగాలికి యంత్రాలు తుప్పుపట్టి మూలపడ్డాయి గానీ మనిషికి ఆ ఇబ్బంది లేదు. సముద్రం ఏటా పైకొస్తోంది, గోడా ఏటా పైకి లేస్తోంది. రెండిట్లో ఏదీ అలిసిపోయేటట్టు లేదు.

ఆ పట్టీని కనిపెట్టిన డాక్టర్ నూకరత్నం ఆ ఊరి ఆడపడుచే. మన కండపోగుల అంచున శాటిలైట్ సెల్స్ అనే మూలకణాలు ముడుచుకుని పడుకుని ఉంటాయి. కండ చిట్లినప్పుడు వాటిలో కొన్ని లేచి, రెండుగా నాలుగుగా చీలి, చిట్లిన చోటును కొత్త కండతో పూడుస్తాయి. మిగిలినవి, రేపటి కోసం, మళ్ళీ పడుకుంటాయి. ఆ పడుకోవడమే రత్నానికి నచ్చలేదు. రెక్కాడితేగాని డొక్కాడని ఇంట్లో పుట్టిన పిల్ల మరి. వాటికి సోమరి కణాలని పేరు పెట్టింది. అన్నిటినీ లేపి, ఏదీ తిరిగి పడుకోకుండా చూసే మందు తయారుచేసింది. "మన ఒంట్లోనే ఇంతమంది సోమరులుంటే ఊరుకుంటామా?" అని సభలో అడిగితే చప్పట్లు ఆగలేదు.

తప్పు ఆ పేరులోనే ఉందని ఒక్కరికీ తోచలేదు. విత్తనాల వడ్లు గాదెలో ఊరికే పడి ఉన్నాయని ఏ రైతూ వండుకు తినడు. రత్నం వండి వడ్డించింది, దేశమంతా తిన్నది.

గోడ మీద అందరికన్నా పెద్ద రాయి ఎత్తే పోలరాజు ఒకరోజు టీ గ్లాసు ఎత్తలేకపోయాడు. అతను రత్నానికి స్వయానా అన్న. అన్న తొడలోంచి కాస్త కండ తీసి ప్రయోగశాలలోని కణదర్శికి చూపించింది. గ్రాంథికం తప్ప మరో భాష ఎరగని యంత్రం అది.

"సోమరి కణములు శూన్యము," అంది కణదర్శి.

"మళ్ళీ చూడు."

"మరల చూచినను శూన్యము శూన్యమే. ఇక చిట్లిన కండను బాగుచేయువారు లేరు. తొలుత చేతులు, పిమ్మట కాళ్ళు, తుదకు ఊపిరి తీయు కండరము."

గోడ పనివాళ్ళందరి కండలూ వరసగా పరీక్షించింది. అందరిదీ అదే కథ. నిద్రపోతున్న కణాలు దొరికితే తీసి ఎక్కించవచ్చు; బయట పెంచబోతే మాత్రం మేలుకుని ఇక పడుకోవు. పరాయి కణాలను ఒళ్ళు తిప్పికొట్టకుండా చూసే విద్య పాతదే. కానీ దొరకాలిగా!

"పట్టీ ఎరగని ఒళ్ళు ఇంకెక్కడైనా ఉన్నాయా?" అని అడిగింది.

"ఊరి బడిలో కలవు. పిల్లలకు పట్టీ నిషిద్ధము గనుక..."

రత్నం చటుక్కున మీట మీద వేలేసి దాని గొంతు నొక్కేసింది. 

అప్పుడు గుర్తొచ్చాడు బుల్లబ్బాయి. తన తల్లికి తమ్ముడు. పట్టీ అంటించుకుంటే పనిలోకి వెళ్ళాలి గనుక దాని జోలికే పోని మహానుభావుడు. ఒళ్ళు దాచుకునే వెధవ అని ఊరంతా తిట్టేది. కంచం చప్పుడైతే మాత్రం అందరికన్నా ముందు లేస్తాడని సొంత అక్కే వెక్కిరించేది. ఒడ్డున బోర్లించిన పాత పడవ నీడలో, ఎప్పటిలాగే, పడుకుని ఉన్నాడు.

"మావయ్యా, నీ తొడలోంచి చిన్న ముక్క కావాలి."

"లెగాలా?"

"అక్కర్లేదు."

"అయితే కోసుకో." కళ్ళు కూడా తెరవలేదు.

ఎందుకో, ఎవరికోసమో చెప్పింది. బుల్లబ్బాయి లేచి కూర్చున్నాడు. రత్నం పుట్టి బుద్ధెరిగాక అతను అంత గబుక్కున లేవడం చూసింది అదే మొదలు.

"పోలిగాడికా! ముందే సెప్పవేం? ఎంత కావాలంటే అంత కోసుకో. ఒక్కటే మాట. ఆటిని నిద్దరోనియ్యాల. ఇన్నేల్లూ జోకొట్టి పెంచుకున్నాను. మల్లీ ఆ పట్టీ అంటించి లేపితే మాత్రం ఊరుకోను."

రత్నం మాటిచ్చింది. పోలరాజు నూకాలమ్మ తల్లి మీద ఒట్టేశాడు.

కణాలు అతుక్కున్నాయి. పోలరాజు గ్లాసు ఎత్తి, టీ తాగి, మూతి తుడుచుకుంటుంటే రత్నం పసిపిల్లలా ఏడ్చింది. ఆ తర్వాత మిగతా వాళ్ళూ వచ్చారు. కాదని ఎవరిని పంపగలదు? బుల్లబ్బాయి తొడ మీద గాట్లు పెరిగాయి. తిట్టిన నోళ్ళే అతనికి చేపల పులుసు తెచ్చి పెట్టాయి. అతను పడుకునే తిన్నాడు.

ఒక ఉదయం అన్న మంచం ఖాళీగా కనిపించింది. రత్నం గోడ దగ్గరకు పరుగెత్తింది. పోలరాజు భుజాన రాయి, తొడ మీద పట్టీ.

"అమ్మవారి మీద ఒట్టేశావు కదా అన్నా!"

"ఏం సెయ్యమంటావే?" పోలరాజు రాయి దించలేదు. "బాగుపడ్డా మంచం దిగడం లేదు, మావకి తగ్గ మేనల్లుడు, ఒల్లు దాసుకుంటన్నాడు అంటన్నారే అందరూ. సావనైనా సత్తాను గానీ ఆ మాట పడలేను."

రత్నం చుట్టూ చూసింది. బాగుపడిన ప్రతివాడి తొడ మీదా పట్టీ ఉంది. ఎదుటివాడు అంటాడేమోనని వీడు, వీడు అంటాడేమోనని వాడు. వాళ్ళను తిట్టబోయి ఆగిపోయింది. సోమరి అన్న మాటను వాళ్ళ కండల్లోకి ఎక్కించింది తనే.

వర్షాలు మొదలయ్యేసరికి పోలరాజు చెయ్యి మళ్ళీ వేలాడిపోయింది. ఈసారి ఊపిరి కూడా అందడం లేదు. రత్నం కత్తి తీసుకుని పడవ నీడకు వెళ్ళింది. బుల్లబ్బాయి కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. అతనికి ఆ సంగతి తెలియదు. లేచి నిలబడితే కదా తెలిసేది!

"ఏవే రత్నం, మనోల్లు నిద్దరోతన్నారా?"

"హాయిగా నిద్రపోతున్నారు మావయ్యా."

ముసలాడు తృప్తిగా నవ్వాడు. "ఇంటిపేరు నిలబెడతన్నారు. కోసుకో, కోసుకో."

ప్రయోగశాలలో ఆ ముక్కను కణదర్శి కింద పెట్టింది. తెర మీద సున్నా పడింది. పక్కగదిలో అన్న ఊపిరి ఎగశ్వాసగా వినిపిస్తోంది. కిటికీలోంచి, వానకు తడుస్తూ బడికి పోతున్న పిల్లల కేకలు వినిపిస్తున్నాయి.

 రత్నం మళ్ళీ మీట నొక్కి యంత్రానికి గొంతు తిరిగి ఇచ్చింది.

"...గనుక," అంది కణదర్శి, ఆపిన చోటి నుంచే, "వారి కండలలో సమృద్ధిగా కలవు."

రత్నం ఈసారి దాని గొంతు నొక్కలేదు.