రెండో కప్పు

టీకా కనిపెట్టిన ప్రొఫెసర్‌ని ల్యాబ్ లిఫ్ట్‌లోనే కాల్చి చంపారు. సైలెన్సర్ వాడడంతో ఎవరికీ వినబడలేదు.

"తాగే కలరా టీకా ట్రయల్ ఈరోజే," అన్నాడు గూఢచారి సంస్థ చీఫ్, తన ఏజెంట్‌తో. "కలరా టాక్సిన్‌లో ఒక భాగం పేగును పట్టుకుంటుంది. రెండోది లోపలికి దూరి ఒంట్లో నీళ్లన్నీ తోడేస్తుంది. మన టీకాలో ఉండేది ఆ పట్టుకునే భాగమే. హాని చేయదు, ఇమ్యూనిటీ పెంచుతుంది. ప్రొఫెసర్‌ని చంపిన విదేశీ ముఠా ఇప్పుడు ఆ సీసాల్లో అసలు టాక్సిన్ కలిపించిందట. వాలంటీర్లు పడిపోతే మన టీకాకు నూకలు చెల్లినట్టే."

"ఎవరు చెప్పారు?"

"నెమలి."

ఏజెంట్ మొహం మాడిపోయింది. పట్టిన మనిషిని వదలడని అతన్ని ఆఫీసులో నక్షత్రకుడంటారు. నెమలి ఇటూ అటూ జీతం తీసుకునే డబుల్ ఏజెంట్. పోయిన మిషన్‌లో అతన్ని ముఠాకు పట్టించింది ఆవిడే.

ఫ్రిజ్ మెకానిక్ వేషంలో ట్రయల్ వార్డుకెళ్లాడు. టూల్‌బాక్స్‌లో స్క్రూడ్రైవర్‌లా కనిపించే పిస్టల్ ఉంది. గుమ్మం దగ్గర విదేశీ కంపెనీ ప్రతినిధిలా, పట్టు దుస్తుల్లో నెమలి.

"ఫ్రిజ్ చల్లబడటం లేదట," అన్నాడతను.

"మనుషులే చల్లబడటం లేదు." కోడ్ కుదిరింది. ఆమె గొంతు తగ్గించింది. "కలిపింది ట్రయల్ నడిపే డాక్టరే."

"అబద్ధమైతే మొదటి తూటా నీకే."

"ఈమధ్య గురి కుదిరిందా?"

లోపల డాక్టర్ మొదటి వాలంటీర్‌కి కప్పు అందిస్తున్నాడు. పక్కనే ట్రే పట్టుకుని ఆయన కూతురు, ఆ వార్డు నర్సు.

"ఆపండి! అందులో విషం ఉంది," అరిచాడు నక్షత్రకుడు.

డాక్టర్ నవ్వి, ఆ కప్పు తనే గటగటా తాగేశాడు. "చాలా?"

నక్షత్రకుడు నెమలివైపు కొరకొరా చూశాడు.

"ఆయన పోయిన నెలే అసలు టీకా తీసుకున్నాడు. టాక్సిన్ ఇక ఆయన పేగుకు అంటుకోదనే ధైర్యం," అంది ఆమె.

నర్సు కళ్లు ఎర్రబడ్డాయి. "మా నాన్నని అంత మాటంటారా? నేనింకా ఏ టీకా తీసుకోలేదు. చూడండి!" ట్రేలోంచి రెండో కప్పు ఎత్తింది. అది పెదవులకు తగిలింది.

"వద్దు తల్లీ!"

డాక్టర్ చెయ్యి విసురుకు కప్పు ఎగిరి గోడకు తగిలింది. వాలంటీర్లంతా వెనక్కి జరిగారు.

"ఎందుకు నాన్నా?" అంది నర్సు, పెదవులు తుడుచుకుంటూ. ఆయన తలెత్తలేకపోయాడు. నక్షత్రకుడు ఆయనకు బేడీలు వేశాడు.

బయటికొచ్చాక నెమలి అడిగింది. "ఇప్పటికైనా నన్ను నమ్ముతావా?"

"నమ్ముతా," అన్నాడు నక్షత్రకుడు. "నీ చేత్తో కాఫీ మాత్రం ఇవ్వకు."