ఆరో నంబర్ రోబో ఎవరి మాట విన్నది?

“నేను బటన్ నొక్కలే మేడం. జర నమ్మున్రి.”

అమూల్య నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? కళ్లెదుటే ఆరో నంబర్ రోబో పసుపు గీత దాటి, నేరుగా వెళ్లి మేనేజరు, అక్కడివాళ్ల మాటలో ముదీర్, అబ్దుల్ రహీం గారి టేబుల్‌ను గుద్దింది. టేబుల్ మీది సులేమానీ చాయ్ ఒలికి ఆయన తెల్ల చొక్కా అంతా తడిసింది. ఆ రోబో భూమేశ్‌ది. దాని లాప్‌టాప్ ముందు నిలబడ్డవాడూ భూమేశే.

యూఏఈలోని ఖోర్ ఫక్కాన్ రేవు దగ్గర పెద్ద గోడౌన్ అది. అట్టపెట్టెలు మోసే చిన్న రోబోలను నడపడం నేర్పడానికి కంపెనీ తన ఉద్యోగుల్లోంచే ఎనిమిది మందిని ఎంచింది. ప్రతి శనివారం క్లాసు. స్టాక్ సెక్షన్ నుంచి అమూల్య వచ్చింది. బెల్టులు రిపేరు చేసే పని నుంచి భూమేశ్ వచ్చాడు. జగిత్యాల వైపు పల్లె అతనిది. ఐటీఐ చదివి వచ్చి ఆరేళ్లయింది, పనివాళ్ల క్యాంపులో ఉంటాడు.

మొదటి క్లాసులోనే అమూల్యకు అతని మీద కోపం వచ్చింది. పాఠం చెప్పే ఇంజనీరు చరణ్‌తేజ్ ఇంగ్లిష్‌లో గంటసేపు చెప్పినా ఆమెకు ఎక్కనిది, పక్క కుర్చీలోంచి భూమేశ్ రెండు ముక్కల్లో చెప్పేశాడు. రోబోలో ప్రోగ్రాం ఒక్కటి కాదట, చాలా ఉంటాయట. చూసేది ఒకటి, చక్రాలు తిప్పేది ఒకటి. అవి ఒకదాన్నొకటి పిలిచి మాట్లాడుకోవు.

“మా క్యాంపు వాట్సాప్ గ్రూపు తీర్గ మేడం. నీళ్లొచ్చినయ్ అని ఒకడు మెసేజ్ పెడతడు. ఎవరు చదువుతున్నరో వానికి తెల్వదు. బకెట్ ఉన్నోడు ఉరుకుతడు.”

ఇంత తేలికైన సంగతిని తనకన్నా ముందు ఇతను ఎలా పట్టుకున్నాడని ఆమె ఉడుక్కుంది. ఉడుక్కుంటూనే తర్వాతి శనివారం నుంచి అతని పక్క కుర్చీలోనే కూర్చుంది. ఆమె ప్రోగ్రాంలో తప్పు దొరికితే అతను నవ్వేవాడు కాదు, దగ్గేవాడు. ఆ దగ్గు విన్నప్పుడల్లా ఆమె చేతిలోని పెన్నుతో అతని మోచేతి మీద ఒక్కటిచ్చేది. ఐదు వారాలు అలా గడిచాయి.

ఇప్పుడేమో ముదీర్ గారు చొక్కా దులుపుకుంటూ కారణం అడుగుతున్నారు. చరణ్‌తేజ్ రోబోను తిప్పి చూశాడు. కెమెరా పక్కన కుంకుమ బొట్టు కనిపించింది. “ఎవరు పెట్టారిది?” అన్నాడు.

భూమేశ్ నోరు తెరిచేలోగా అమూల్య చెప్పేసింది. “అతనే పెట్టాడు. పొద్దున నేను చూశాను.”

అబద్ధం కాదు. కొత్తగా చేతికొచ్చిన యంత్రానికి బొట్టు పెట్టి దండం పెట్టుకోవడం అతని అలవాటు. కానీ ఆ ఒక్క మాట మీద తీర్పు వెలువడింది. పొడి కెమెరాలో పడింది, రోబో దారి తప్పింది, మూఢనమ్మకాలున్నవాడికి మెషీన్లు అప్పగించకూడదు అని చరణ్‌తేజ్ రాసిచ్చాడు. భూమేశ్ పేరు క్లాసులోంచి కొట్టేశారు. అంతటితో ఆగలేదు. రువైస్ సైట్‌కు మనుషులు కావాలట, సోమవారం సాయంత్రం నాలుగింటి బస్సులో వెళ్లమన్నారు. ఈ కోస్తా నుంచి ఆ ఎడారి చివరకు నాలుగైదు గంటల దారి. పోయినవాడు మళ్లీ ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు.

భూమేశ్ ఎవరితోనూ వాదించలేదు. అమూల్య వైపు ఒక్కసారి చూసి, రోబో మీది బొట్టు తన కర్చీఫ్‌తో తుడిచి వెళ్లిపోయాడు. ఆ చూపు ఆమెకు ఇంటిదాకా తోడొచ్చింది.

ఆదివారం పూజ ముగించి లేచిన తండ్రికి ఆమె జరిగిందంతా చెప్పింది. తన తప్పేమీ లేదన్నట్టే చెప్పింది. జగన్మోహనరావు హారతి పళ్లెం పక్కన పెట్టాడు. తర్వాత, ప్రతి దసరాకీ మన కారుకు నేను బొట్టు పెడతాను కదా, నన్నూ డ్రైవింగ్ మానెయ్యమంటావా అని అడిగాడు. తల్లి కాత్యాయని వంటింట్లోంచే, ఆ అబ్బాయిని ఒక్క మాటైనా అడిగావా అంది.

అడగలేదు. కుంకుమ పెట్టడం చూసింది. ఆ పొడి కెమెరాలో పడటం మాత్రం ఆమె చూడలేదు. దేవుణ్ణి తలుచుకున్న చేతిదే తప్పని అంత తొందరగా ఎలా తేలిపోయిందో మనబోటివాళ్లు ఒక్కసారి అడిగి చూడాలి. అమూల్యకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

సోమవారం డ్యూటీకి గంట ముందే ఆమె గోడౌన్‌కు వెళ్లింది. కెమెరా నిజంగా పాడైందేమో చూద్దామని ఆరో నంబర్ రోబో స్విచ్ వేసింది. అద్దం శుభ్రంగా ఉంది. బొమ్మ స్పష్టంగా వస్తోంది. శనివారం తను ఏం చేసిందో గుర్తు తెచ్చుకుంటూ తన ఐదో నంబర్ రోబోనూ ఆన్ చేసింది. తన లాప్‌టాప్‌లోంచి, ముందుకు వెళ్లు, అని మెసేజ్ పంపింది.

ఐదో నంబర్ కదిలింది. ఆరో నంబరూ కదిలింది.

ఆమె ఆపింది, మళ్లీ పంపింది. రెండూ కలిసి నడిచాయి, రెండూ కలిసి ఆగాయి. శనివారం కూడా ఈ మెసేజ్ పంపింది తనే, తన రోబో ముందు ఖాళీ దారి ఉంది. అతని రోబో ముందు ముదీర్ గారి టేబుల్ ఉంది. తేడా అంతే.

కారణం పట్టుకోవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఒకే వైఫై మీద చాలా రోబోలు ఉన్నప్పుడు ఒక్కోదానికి ఒక్కో గ్రూపు నంబర్ ఇవ్వాలి. ఇవ్వకపోతే అన్నీ సున్నా గ్రూపులోనే ఉంటాయి, ఒకరి మెసేజ్ అందరికీ చేరుతుంది. ఆ నంబర్ జోలికి పోవద్దు, అలాగే ఉంచండి అని మొదటి రోజే చెప్పింది చరణ్‌తేజ్. అన్ని వారాలూ ఒక్కో రోబోనే ఆన్ చేయించాడు కాబట్టి బయటపడలేదు. ముదీర్ గారికి చూపించాలని ఆ రోజు రెండు ఆన్ చేయించాడు.

ఆమె వెళ్లి చెబితే చరణ్‌తేజ్ ముఖం మాడ్చుకున్నాడు. లెటర్ వెళ్లిపోయింది, ఇప్పుడు దీన్ని కెలికితే అందరికీ చెడ్డపేరు, వచ్చే బ్యాచ్‌కి నంబర్లు మార్చుకుందాం అన్నాడు. మీకెందుకింత పట్టింపు అని కూడా అడిగాడు.

“ఎందుకంటే అక్కడ అబద్ధం నిలబడింది సార్. దాన్ని నిలబెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.”

లాప్‌టాప్ చంకన పెట్టుకుని సరాసరి ముదీర్ గదికి పోయింది. అబ్దుల్ రహీం గారిది హైదరాబాద్. ముందు విసుక్కున్నారు. ఆయన్ని బలవంతంగా కిందికి తీసుకొచ్చి, ఆయన వేలితోనే బటన్ నొక్కించింది. రెండు రోబోలు కవాతు చేసినట్టు ఆయన ముందు నుంచి నడిచివెళ్లాయి. ఆయన గడియారం చూసుకుని, త్వరగా పొమ్మని చెయ్యి ఊపారు.

“ఖలాస్. లెటర్ వాపస్. కానీ బస్సు నాలుగింటికమ్మా, యల్లా.”

ఫోన్ చేస్తే భూమేశ్ ఎత్తలేదు. అమూల్య తండ్రికి ఫోన్ చేసింది. ఆయన ఆఫీసులో పర్మిషన్ పెట్టి కారు తెచ్చాడు.

క్యాంపు గేటు ముందు బస్సు ఇంజను ఆన్‌లోనే ఉంది. భూమేశ్ బ్యాగు అప్పటికే టాపు మీదికి చేరింది. ఆమె ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పింది. అతను విన్నాడు.

“లెటర్ రద్దయిందా? సంతోషం మేడం. కని నేను పోత.”

ఆమెకు మండిపోయింది. పొద్దుటినుంచి ఇద్దరితో పోట్లాడి వస్తే ఈ మనిషి పోతానంటాడా? తప్పు మీది కాదని తేలాక కూడా ఎందుకు పోవాలని నిలదీసింది. ఎండలో ఆమె ముఖం ఎర్రబడిపోయింది.

అతను బూటు ముందరి ఇసుక చూస్తూ అన్నాడు. “చరణ్ సార్ అంటే నాకేం బాధ కాకపోవు. ముదీర్ అన్నా కాకపోవు. మీరన్నరు మేడం. ఐదు వారాలు నా పక్కకు కూసున్నోళ్లు.”

అన్నాళ్లూ అమూల్య చెప్పలేకపోయిన సంగతి అతని నోట ఫిర్యాదుగా వచ్చింది. చెప్పినవాడికే అది తెలిసినట్టు లేదు.

“నిజమే, నేనే అన్నాను,” అందామె. “శనివారం క్లాసులో అందరి ముందూ, ముదీర్ గారి ముందూ తప్పు నా మెసేజ్‌దని నేనే చెప్తాను. మీరు ఎదురుగా ఉండాలి. మీరు రువైస్‌లో కూర్చుంటే నేను చెప్పేది ఎవరికి? మీరు లేకుండా నేనక్కడ కూర్చోలేను. ఆ క్లాసులో అనే కాదు, ఎక్కడా.”

అతను తలెత్తి చూశాడు.

కారులోంచి జగన్మోహనరావు దిగొచ్చాడు. ఆయన కూతుర్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు, విషయం గ్రహించడానికి ఆయనకు ఎవరూ మెసేజ్ పెట్టనక్కర్లేకపోయింది.

“బాబూ, రెండు రోజుల్నుంచి మా అమ్మాయి కోపంతో మా ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు. ఆ బ్యాగు దింపించు. ఆదివారం పూజయ్యాక మా ఇంట్లో భోజనం చేద్దువుగాని. మీ నాన్నగారి ఫోన్ నంబర్ కూడా పట్టుకురా. పెద్దవాళ్లం మేమూ మాట్లాడుకోవాలి కదా.”

భూమేశ్ ఆయన కాళ్లకు వంగబోయి, సిగ్గుపడి, దండం పెట్టి, టాపు మీదికెక్కాడు. డ్రైవర్ అబ్బులు గొణుగుతూనే బ్యాగు తాడు విప్పాడు.

అమూల్య కింద నిలబడి చేతులు చాచింది. అతను పైనుంచి జాగ్రత్తగా బ్యాగు అందించాడు. అది చాలా బరువుగా ఉంది. అయినా ఆ క్షణాన ఆమెకు లోకంలో ఎవరి మీదా కోపం లేదు.