సున్నాలో పరుగెత్తిన మోటారు

మదనపల్లెలో ఒక మేడమీది ఆఫీసులో జాహిద్ కుర్చీ అంచున కూర్చున్నాడు. ప్రైవేటు డిటెక్టివ్ సుధారాణి అడిగినవాటికి తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు. పుంగనూరులో మేనమామ బాబు సాహెబ్‌కు కొడవళ్ల షాపు ఉంది. అక్కడ సానపట్టే బెల్టు గ్రైండరుకు వేగం పెంచుకునే, తగ్గించుకునే మోటారు బిగించింది జాహిదే. నిన్న ఉదయం మామ స్విచ్చి వేయగానే, స్పీడు నాబు సున్నాలో ఉన్నా మోటారు ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుంది. చేతిలోని కొడవలి ఎగిరి మామ రెండు వేళ్లు తెగాయి.

కుప్పంలో జాహిద్‌కు ఉద్యోగం వచ్చిందనీ, మామ పంపనన్నాడనీ వీధిలో అందరికీ తెలుసు. ఆ కోపంతోనే చేశాడని పక్కషాపు మునిరత్నం నలుగురిలో అనేశాడు.

"కుప్పానికి పోతే పారిపోయినాడంటారు. ఈడే ఉంటే మామూ ముఖం సూడలేకుండా ఉండాను. యాడికి పోవల్ల మేడం?"

"ముందు మిషను కాడికి పోదాం పదప్పా," అంది సుధారాణి. అసిస్టెంటు కిరణ్ అప్పుడే కారు తాళాలు అందుకున్నాడు. ఆమె పట్టిన కేసు తేలకుండా పోదని అతడి నమ్మకం.

షాపు, ఇల్లు ఒకే కప్పు కింద ఉన్నాయి. వసారాలో అత్త లాల్ బీ కుట్టుమిషను మీద సగం కుట్టిన ఎర్ర జాకెట్టు ఉంది. లోపల చేతికి కట్టుతో పడుకున్న బాబు సాహెబ్ ఆగకుండా దగ్గుతున్నాడు. షాపులో గోడలకు కూడా ఇనుప పొడి పట్టి ఉంది.

సుధారాణి ప్లగ్గు పీకించి కంట్రోల్ పెట్టెను భూతద్దంతో చూసింది. మూత స్క్రూల తలలు చెక్కుకుపోయాయి. పక్కనే మేకుకు జాహిద్ స్క్రూడ్రైవరు వేలాడుతోంది. పెట్టెలో ఒకవైపు లావు కరెంటు వైర్లు, మరోవైపు నాబు నుంచి వచ్చే మూడు సన్న వైర్లు ఉన్నాయి. ఆ మూడింటిలో ఒకటి తెగి ఉంది. తెగినచోట రాగి మెరుస్తోంది, ఎర్రటి నూలుపోగు ఒకటి అంటుకుని ఉంది.

"మొన్న సాయంత్రం మిషను నిలిపిందెవురు?"

"నేనే మేడం. బాగానే ఉండె."

"షాపు తాళం?"

"మామూ దగ్గర ఉంటాది. ఇంట్లోంచి వచ్చే తలుపుకు తాళం లేదు."

కాసేపటికి మంచం చుట్టూ అందరూ చేరారు. మునిరత్నాన్ని కూడా పిలిపించింది సుధారాణి. జాహిద్‌కు గోడలు దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది.

"మోటారులో దోషం లేదు," అంటూ మొదలుపెట్టింది ఆమె. "నాబును సున్నాకు తిప్పినా ఆ సంగతి పెట్టెలోని బోర్డుకు చేరాలంటే తెగిన ఆ వైరు ఉండాలి. అది లేకపోతే పూర్తి వేగం అడిగినట్టే లెక్క. జాహిద్‌కు అది తెలుసు కాబట్టి అనుమానం అతడి మీదికి పోయింది. కానీ అతడైతే చేతికందే స్క్రూడ్రైవరు వదిలి కత్తెర మొనతో స్క్రూలు తిప్పడు. ఇది మిషను పని తెలియని చేయి. లావు వైర్లంటే భయపడి సన్నది కత్తిరించింది. ఆ కత్తెరకున్న ఎర్ర నూలు వైరుకు అంటుకొని ఉండాది. వైరు తెంచితే మిషను నిలిచిపోతుందనే అనుకున్నారు, అవునా అమ్మా?"

లాల్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబు సాహెబ్ దగ్గు ఆపుకుంటూ ఆమెను చూశాడు.

"నాకు చెప్పుండొచ్చు గదా."

"మీకు ఎన్ని తూర్లు చెప్పలా? ఊపిరిలో ఇనుము చేరిందని డాక్టరు అన్న నాటినుంచీ చెప్తానే ఉండా. నాలుగు రోజులన్నా నిలిస్తే దగ్గు తగ్గుతాదనుకుంటి." ఆమె జాహిద్ వైపు తిరిగింది. "నిన్ను అందురూ అంటాంటే నోరు పెగల్లేదు బేటా."

తప్పు తనది కాదని తేలినా జాహిద్ గుండెల మీది బరువు దిగలేదు.

మునిరత్నం ఇబ్బందిగా లేచాడు. "నువ్వు కాదని వీధిలో నేనే చెప్తాలేప్పా."

"మరి ఎవురని అడిగితే?" అన్నాడు జాహిద్.

మునిరత్నం గడప దగ్గరే ఆగిపోయాడు. అత్త తల వంచుకుంది. సుధారాణి భూతద్దాన్ని కిరణ్ చేతికిచ్చేసింది.

"వైరు పాతదై తెగిందని చెప్పన్నా," అన్నాడు జాహిద్. "బిగించింది నేనే. సరిగా సూసుకోలేదంటే అననీ."

అంతవరకూ బిగబట్టుకున్న లాల్ బీ అప్పుడు పైకే ఏడ్చేసింది.